ఎండలోనూ ఆరని గోడ

మా వియ్యపురాలు ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసినప్పుడు నేను వంటింట్లో ఆమెకు టీ కాస్తున్నాను. గుమ్మంలోంచి కనబడుతూనే ఉంది. చెయ్యి తీసింది, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది, కొంగుకు తుడుచుకుంది. టీ గ్లాసు అందుకున్నాక మెల్లిగా అసలు మాట ఎత్తింది.

"వదినా, ఏమీ అనుకోవద్దు. కాన్పుకు పిల్ల మా ఇంట్లోనే ఉంటాదిలే. మేం చూసుకుంటాం."

"అదేంది వదినా? తొలి కాన్పు పుట్టింట్లో గదా జరగాల!"

"జరగాల్నే. కానీ దాన్ని యాడ పడుకోబెడతావు, ఈ గదిలోనా? అసలే ఆయాసం మనిషి. పసిబిడ్డ ఒకటి. గోడ చూడు, పిండి పిండిగా రాలతా ఉండాది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. చెమ్మ వాసన తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పెళ్ళయి వింజమూరు వెళ్ళాక ఆ బాధ బాగా తగ్గింది. ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం రెండో రోజుకే మందు పీల్చుకోవాల్సి వచ్చేది. ఆ సంగతి మా వియ్యపురాలు కనిపెట్టింది. తల్లినై ఉండి నేను కనిపెట్టలేదా అంటే, కనిపెట్టాను. గోడతో పోరాడి పోరాడి అలసిపోయి ఉన్నాను, అంతే.

"ఆ గోడ ఆరబెడతాను. ఆరినాకనే పిల్లను తెచ్చుకుంటాను. ఆరకపోతే నువ్వు చెప్పినట్టే" అన్నాను.

"ఆరితే నాకేమన్నా చేదా?" అని గ్లాసు కింద పెట్టి, వింజమూరు బస్సుకు టైమైందని లేచింది.

ఆత్మకూరులో ఈ ఇల్లు కొనేదాకా మేం అద్దె ఇళ్ళలోనే బతికాం. నేను చేజర్ల దగ్గర ఒక పల్లెలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతాను. మా ఆయన సంగంలో ఎరువుల కొట్లో పనిచేస్తారు. ఇల్లు పాతదే, కానీ గోడలు మందంగా ఉన్నాయని, వెనక గదికి పెద్ద కిటికీ ఉందని ఇష్టపడి కొన్నాం. చేరిన ఏడాదికి ఆ గదిలో ఉత్తరం గోడ మీద చేయంత మరక కనిపించింది. మేస్త్రీని పిలిస్తే, చెమ్మ పట్టిన చోట చెక్కి, సిమెంటు పూసి, రంగు వేసి వెళ్ళాడు. వాన వెలిసేసరికి మరక ఆ పక్కనుంచి తొంగిచూసింది. మిద్దె కారుతోందని ఇంకొకరు చెబితే మిద్దె మీద పూత వేయించాం. నీళ్ళు పట్టని రంగు ఉందంటే అదీ వేయించాం. ఆ రంగు వేసిన చోట గోడ బుడగలు బుడగలుగా పొంగింది. వెయ్యని చోట తెల్లటి ఉప్పు పూసింది. ఒక దగ్గర నొక్కితే ఇంకో దగ్గర బయటపడేది. చివరికి కిటికీ దగ్గర్నుంచి ఆ మూల బీరువా దాకా, నడుమెత్తున గోడంతా చెమ్మే. భూమిలోంచి వస్తోంది, దీనికి మందు లేదు, అలవాటు చేసుకోండి అన్నాడు రెండో మేస్త్రీ. మా ఆయన ఆ మాటే పట్టుకుని బీరువాను ఇంకాస్త ఇవతలికి జరిపారు.

వియ్యపురాలు వెళ్ళిన రోజున నేను ఒకటి నిర్ణయించుకున్నాను. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలిసేదాకా ఆ గోడకు ఏ పూతా పూయించను. ఇన్నాళ్ళూ మేం మరకకు వైద్యం చేయించామే గాని, నీళ్ళను ఎవరూ వెతకలేదు.

ముందు గాలిలో చెమ్మా, గోడలో చెమ్మా తేల్చుకోవాలనుకున్నాను. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం ముక్క ఒకటి కోసి, నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటించాను. గాలిలోని చెమ్మే అయితే కాగితం పైన పట్టాలి. గోడలోంచి వచ్చేదైతే కాగితం వెనక నీళ్ళు చేరాలి. మర్నాడు పొద్దున చూస్తే వెనకవైపంతా చెమటపట్టినట్టు బొట్లు. సరే, గోడలోనే ఉంది.

తరువాత నా అనుమానం పక్కింటి మీదికి పోయింది. మా గోడకూ వాళ్ళ ఇంటికీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. సందులో వాళ్ళ బట్టలుతికే బండ. పక్కింటాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ బస్సులో చివరి సీటుకు వినిపించేంత ఉంటుంది.

"అన్నా, మీ బండ నీళ్ళు మా గోడలోకి దిగతుండాయేమో" అన్నాను.

"ఏంది? మా నీళ్ళకి వేరే పనిలేదా, మీ గోడెక్కేదానికి?" అని ఆయన లేచాడు. "నువ్వు టీచరమ్మవి, నీకు తెలీదా? నీళ్ళు పల్లానికి పోతాయా, మిట్టకి పోతాయా?"

"పల్లం మా గోడ వైపే ఉండాదేమో చూడాల గదా!"

"చూసుకోపో. ఎన్ని రోజులు చూస్తావో చూసుకో."

ఆయన కోపంలో అన్నా, నేను దాన్ని అనుమతి కిందనే తీసుకున్నాను. ఆయన భార్యను అడిగి, ఆమె బట్టలు జాడించే నీళ్ళలో నీలిమందు చిక్కగా కలిపించాను. సందులో కూర్చుని చూశాను. నీలం నీళ్ళు మా గోడకు తగలకుండా నేరుగా కాలువలోకి పోయాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. ఇంతలో వాళ్ళు బంధువుల పెళ్ళికని ఇంటికి తాళం వేసి వెళ్ళారు. బండ ఎండిపోయి పగుళ్ళు కనబడ్డాయి. మా గోడ మాత్రం ఎప్పట్లాగే తడి. వాళ్ళు తిరిగి వచ్చిన రోజే వెళ్ళి, "మీ నీళ్ళు కాదన్నా, నేనే తప్పు పట్టినాను" అని చెప్పి వచ్చాను. ఆయన పెళ్ళిలో పెట్టిన అరిసెలు రెండు నా చేతిలో పెట్టాడు.

బడికి వేసవి సెలవులు ఇచ్చారు. అప్పుడే నాకు దారి దొరికింది. మామూలు రోజుల్లో నేను పొద్దున్నే ఆటో ఎక్కితే మళ్ళీ సాయంత్రమే ఇంటికి చేరేది. పగలు గోడ ఏం చేస్తుందో నాకు తెలియదు. సెలవుల్లో ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తడి ఎంతవరకు ఉందో పెన్సిలుతో గీత గీసేదాన్ని. బయట రోహిణి ఎండ. మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు ఒక్క పూటకే గలగలమంటున్నాయి. లోపల గోడ మాత్రం ఒక రోజు కాస్త తేరుకున్నట్టు కనబడేది, మర్నాడు మళ్ళీ నల్లబడి గీత దాటేది. మళ్ళీ తేరుకునేది. మళ్ళీ నల్లబడేది.

రోజు విడిచి రోజు. మా వీధికి కొళాయి నీళ్ళు వచ్చేది కూడా రోజు విడిచి రోజే.

మా ఆయనతో చెప్తే నమ్మలేదు. "కొళాయి పైపు వీధిలోంచి వచ్చి ముందరున్న సంపులో పడతాది. ఈ గది వెనకుండాది. దానికీ దీనికీ సంబంధమేంది?"

"అదే నాకూ అర్థం కావడంలా. ముందు మిద్దె మీది ట్యాంకు సంగతి తేలుద్దాం."

సాయంత్రం ట్యాంకు నిండా నీళ్ళు పట్టి, ఇంట్లో కొళాయిలన్నీ కట్టేశాం. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పొద్దుటికి గుర్తు దగ్గరే ఉన్నాయి నీళ్ళు. అంటే ట్యాంకు గానీ, దాని పైపులు గానీ కారడం లేదు. ఇక మిగిలింది వీధి లైను. గేటు దగ్గర ఉన్న వాల్వు కట్టేసి, రెండు మూడు విడతలు కొళాయి నీళ్ళు లోపలికి రానివ్వలేదు. ఆ రోజుల్లో మాకు నీళ్ళిచ్చింది పక్కింటి కండక్టరన్నే. ఆయన పైపు గోడ మీదుగా అందిస్తే మా డ్రమ్ములు నిండేవి. "ఇప్పుడు మా నీళ్ళు నిజంగానే మీ ఇంట్లోకి వస్తుండాయి" అని నవ్వేవాడు. గోడ మాత్రం మొట్టమొదటిసారి నా పెన్సిలు గీతకు కిందికి తగ్గింది. మళ్ళీ పైకి రాలేదు.

ప్లంబరును పిలిచాం. మా సంపు కట్టినప్పుడు పైపు వేసింది అతనే. గదంతా తిరిగి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ గోడలో పైపే లేదు మేడం. గేటు కాడ పాత ఇనప పైపు ఉండింది, దానికి మనం కొత్త పైపు అతికి సంపులోకి ఇచ్చినాం. అంతే. లేదు ఉండాదంటారా, గేటు కాణ్ణించి ఈడిదాకా ఇల్లంతా పగలగొట్టి చూడాల."

ఇల్లంతా పగలగొడితే అమ్మాయి కాన్పు నాటికి ఇల్లే ఉండదు. ఆ పాత ఇనప పైపు ఎటు పోయిందో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. మాకు ఇల్లు అమ్మిన పెద్దావిడ. భర్త పోయాక ఇల్లు అమ్మేసి, ఉదయగిరిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఇన్నేళ్ళకి పోయి ఏమడగతావు? గొడవకి వచ్చినామనుకుంటాది" అన్నారు మా ఆయన.

"అనుకోనీండి. నేను గొడవకి పోవడంలా గదా" అని మర్నాడు ఉదయగిరి బస్సెక్కాను.

కొండ కింద బస్సు దిగి అడుగుతూ పోతే వాళ్ళ ఇల్లు సులభంగానే దొరికింది. తమ్ముడు చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే మనిషి. అరుగంతా చెక్కపొట్టు. పెద్దావిడ ఒక పక్కన కూర్చుని ఉప్పుకాగితంతో చెంచాలు రుద్దుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది గాని, మొహం బిగించుకుంది.

"ఇల్లు అమ్మినాం, కాగితాలు రాసిచ్చినాం. ఇంక నాతో ఏం పనమ్మా?"

"మీతో తగాదాకి రాలేదు పెద్దమ్మా. వెనక గది గోడకి చెమ్మ ఎక్కతా ఉండాది. మా అమ్మాయి కాన్పుకు రావాల. ఆ గోడలో పైపేమన్నా ఉండాదా అని అడగతామని వచ్చినాను."

ఆమె రుద్దడం ఆపలేదు. చేతిలో చెంచా అయిపోయింది, ఇంకొకటి తీసుకుంది. నేను అరుగు మీద కూర్చున్నాను. తమ్ముడి కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఊరికే కూర్చున్నాను. జవాబు వినకుండా లేచేది లేదని ఆమెకు అర్థమైనట్టుంది.

"ఉండాది" అంది చివరికి.

చెంచా ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అంతకుముందు ఇంటికి కావలసినవన్నీ తనే మోసుకొచ్చిన మనిషి. మంచం మీద పడ్డాక, నమాజుకు ముందు చేతులు, ముఖం కడుక్కునే వజూకు కూడా ఇంకొకరు నీళ్ళు పోయాల్సి వచ్చిందని కుమిలిపోయాడు.

"నాకు మంచం కాడికి కొళాయి ఏయించు అన్న్యాడు. నవ్వినాను. తిక్క పట్టిందా నీకు అన్న్యాను. అన్నం తినకుండా మొండికేసినాడమ్మా. సరేనని గచ్చు కింద పైపు తెప్పించి, గోడలో కొళాయి పెట్టించినాం. అప్పుడు మాకు సంపు లేదు. నీళ్ళొచ్చే రోజు పొద్దున్నే లేచి కూచునేవాడు. బకెట్టు పెట్టుకుని ఎడం చేత్తో తానే తిప్పేవాడు. నిండినాక నన్ను కేకేసేవాడు. ఇల్లంతటికీ నీళ్ళు పట్టేది నేనేనని వచ్చిన వాళ్ళకందరికీ చెప్పుకునేవాడు."

ఒళ్ళో చెంచాను అటూ ఇటూ తిప్పింది.

"పోయినాక ఆ కొళాయి చూస్తే నాకు ముద్ద దిగలా. ఊడబీకించేసినాను. మా తమ్ముడు గట్టి చెక్కతో బిరడా చెక్కి తెచ్చి కొట్టినాడు. పైన సిమెంటు నేనే పూసినాను, నా చేత్తోనే. మీకు చెప్పాలని తోచలా. నేనే తప్పు చేసినట్టుండాదే తల్లీ. ఆ బిరడాలోంచే కారతా ఉంటాది."

"అది చూస్తేగాని తెలీదు పెద్దమ్మా. గోడలో ఎక్కడుండాది అది? ఎంత ఎత్తులో?"

"కొలతలు నాకేం తెలుసు? మంచం గోడకి ఆనించి ఉండేది. తల కిటికీ పక్కకి. ఆయన లేచి కూచుని ఎడం చెయ్యి చాపితే అందేది. మీ ఆయన మాదిరే పొడుగు మనిషి."

ఇంటికి వచ్చిన మర్నాడు కండక్టరన్న ఇంట్లోంచి నులక మంచం తెచ్చాం. ఆమె చెప్పినట్టే గోడకు ఆనించి, తలవైపు కిటికీకి పెట్టాం. మా ఆయన మంచం మీద కూర్చున్నారు. ఆయనకింకా నమ్మకం కుదరలేదు.

"కూచున్నాను. ఇప్పుడేం చెయ్యాల?"

"నీళ్ళు పట్టుకునేదానికి చెయ్యి చాపండి."

ఎడమ చెయ్యి చాపారు. వేళ్ళు గోడకు తగిలిన చోట గీత పెట్టాను. అక్కడ మరక పెద్దగా లేదు కూడా. మరకంతా ఆ దిగువనా, పక్కలకూ ఉంది. పిలిపించి ఉంచిన మేస్త్రీ ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టాడు. ఇటుకే కనబడింది. "ఇంకాస్త కిటికీ పక్కకి కొట్టు" అన్నాను. కొట్టాడు. పెచ్చు ఊడి పడింది. సిమెంటు మధ్యలో గుండ్రంగా, నల్లగా చెక్క కనబడింది.

మా ఆయన మంచం మీదనుంచి లేవనే లేదు. అలాగే కూర్చుని ఆ చెక్క వైపు చూస్తూ ఉండిపోయారు.

ప్లంబరు వచ్చి చుట్టూ తవ్వాడు. బిరడాను పట్టకారుతో లాగితే కదల్లేదు. అంత గట్టిగా ఉంది. దాని కిందుగా, పైపు వంపు తిరిగే చోట ఇనుము తుప్పుపట్టి ఆకులా పలచబడి, వెనకవైపు చిల్లిపడింది. నీళ్ళొచ్చే వేళకు గేటు దగ్గరి వాల్వు ఒక్క క్షణం తెరిచి చూశాం. ఆ చిల్లిలోంచి నీళ్ళు గోడ లోపలికి చిమ్మాయి. నీళ్ళు వచ్చిన ప్రతిసారీ మా గోడ కడుపులో ఇలాగే చిమ్మి, ఇటుకల్లో దిగి, మేం పూసిన పూతల వెనక దారి వెతుక్కుంటూ పోయిందన్నమాట. ఇక గేటు దగ్గర తవ్వితే, పాత పైపు వెనక గది వైపు చీలే చోటు దొరికింది. అక్కడే కోసి, గట్టి మూత బిగించాడు. కండక్టరన్న వచ్చి గుంతలోకి వంగి చూసి, "ఇంక కారదులే" అని ప్లంబరు కంటే ముందు తనే తీర్పు ఇచ్చాడు.

ఆ సాయంత్రం పెద్దావిడకు ఫోను చేశాను.

"మీ బిరడా కారలా పెద్దమ్మా. అది రాయి మాదిరి ఉండాది. కింద ఇనుమే చిల్లిపడింది."

అవతల ఆమె పక్కకు తిరిగి గట్టిగా అరిచింది. "ఒరే, నీ బిరడా కారలా అంట రా! ఇనుమే చెడిపోయిందంట!" తమ్ముడు ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుతోనే ఆమె, "ఆ కాన్పు చల్లగా జరగాల తల్లీ" అని పెట్టేసింది.

అక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. మేస్త్రీ మర్నాడే ప్లాస్టరింగ్ చేసేస్తానన్నాడు. నేను వద్దన్నాను. చెమ్మ ఎక్కినంత మేరా, ఇంకా కాస్త పైదాకా, పాత పూతంతా రాల్చేయించాను. ఇటుకల మీది ఉప్పును పొడి బ్రష్షుతో నేనే గీకి ఎత్తిపోశాను. ఇటుకలు చేత్తో తాకితే ఇంకా చల్లగా ఉన్నాయి. కిటికీ తెరిచి, ఫ్యాను గోడవైపు తిప్పి వదిలేశాను.

సీమంతానికి వింజమూరు వెళ్ళినప్పుడు మా వియ్యపురాలు అడిగింది. "గోడ ఎంతవరకొచ్చింది వదినా?"

"ఇటుకలు బయటికొచ్చి ఉండాయి. ఆరతా ఉండాయి."

"ఇంకానా? నెలలు దగ్గరపడతా ఉండాయి. పూసేస్తే పోలా?"

మా ఆయనా అదే పాట. మా అమ్మాయి కూడా, "పోన్లేమ్మా, నేను ఈడనే ఉంటాలే, నువ్వే వచ్చి ఉండు" అంది. అది అలా అన్నప్పుడు మాత్రం నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా లొంగలేదు. తడి ఇటుకల మీద పూస్తే మళ్ళీ పొంగుతుంది. బిడ్డ పుట్టాక పొంగితే అప్పుడు ఎక్కడికి తీసుకుపోవాలి? వారానికోసారి, ఆదివారం చర్చినుంచి రాగానే ప్లాస్టిక్ కాగితం అంటించి, మర్నాడు పొద్దున చూసేదాన్ని. మొదట్లో బొట్లు. తరువాత మంచు పట్టినట్టు పలచటి పొర. మధ్యలో ఒక జల్లు వాన పడి నన్ను భయపెట్టింది గాని, గోడ లెక్కచేయలేదు. బడి తెరిచారు. పొద్దున్నే కాగితం చూసుకుని బడికి పోయేదాన్ని.

ఒక రోజు కాగితం వెనక ఏమీ లేదు. చేత్తో రుద్దితే ఎర్రటి ఇటుక పొడి అంటింది, పొడిగా. మరో వారం ఆగి మళ్ళీ అంటించాను. అప్పుడూ లేదు. ఆ రోజు మేస్త్రీకి నేనే ఫోను చేసి, ఇక రమ్మన్నాను.

రంగు వాసన పూర్తిగా పోయాకే అమ్మాయిని తెచ్చుకున్నాం. మా వియ్యపురాలు కూడా వచ్చింది. గడప దాటగానే నేరుగా వెనక గదిలోకి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టింది. ఒక చోట కాదు, కిటికీ దగ్గర, మధ్యలో, బీరువా వెనక, వంగి అడుగున కూడా. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడిన పిల్లలా ఉంది నా పరిస్థితి.

"బాగుండాది వదినా" అంది. అంతే.

కాన్పు నెల్లూరు ఆసుపత్రిలో అయింది. మనవరాలు. బిడ్డతో ఇంటికి వచ్చినప్పుడు మా వియ్యపురాలు సాయానికి వచ్చి కొన్నాళ్ళు ఆ గదిలోనే ఉంది. ముసురు పట్టింది, వీధంతా బురద. అమ్మాయి ఒక్క రోజు కూడా మందు పీల్చుకోలేదు. వెళ్ళేముందు మా వియ్యపురాలు బిడ్డకు చొక్కా తొడుగుతూ, నా వైపు చూడకుండానే అంది.

"మా వంటింట్లో కూడా ఒక గోడ ఉండాది వదినా. చిమ్నీ కింద. రంగేస్తే నిలవదు. పదేళ్ళ నుంచి అట్టనే ఉండాది, ఎవురికీ చెప్పలా."

"ఆదివారం చర్చి అయిపోయినాక వస్తాను" అన్నాను.